చదువూ – చప్పుడూ

పరీక్షా ఫలితాలు వెలువడిన నాడు ప్రతి కళాశాలలోనూ ఒక విచారణ మొదలవుతుంది. ఫలానా విద్యార్థికి మార్కులెందుకు తగ్గినవి? సమాధానాలు వెంటనే సిద్ధంగా ఉంటాయి. అతనికి శ్రద్ధ లేదు. తల్లిదండ్రులు చదువుకున్నవారు కారు. ఇంటిలో చదివే వాతావరణం లేదు. మాతృభాష ఒకటి, బోధనాభాష మరొకటి. క్రింది తరగతులలో పునాది సరిగా పడలేదు. ఈ కారణాలలో నిజం లేకపోలేదు. కాని వీటన్నిటికీ ఒక సామ్యమున్నది. లోపాన్ని విద్యార్థి తలలోనో, అతని ఇంటిలోనో వెదకడమే ఆ సామ్యం. సంవత్సరమంతా ఆ విద్యార్థి కూర్చున్న గదిని సాక్షిగా పిలిచి అడిగినవారు అరుదు. ఆ గది కిటికీ ఎటు తెరుచుకుంటుంది? ఆ కిటికీలో నుండి లోపలికి వచ్చేది గాలియా, గోలయా? అధ్యాపకుడు పలికిన మాటలలో వెనుక బల్లకు చేరినవి ఎన్ని?

ఈ ప్రశ్నను మొక్కుబడిగా కాక శాస్త్రీయంగా అడిగి, సమాధానం రాబట్టి, ఆ సమాధానంతో ఒక పాఠశాల రూపునే మార్పించిన ఒక విదుషీమణి కృషిని మన కళాశాల పాఠకులకు పరిచయం చేయడం ఈ వ్యాసానికి మొదటి ఉద్దేశం. ఆమె కృషి నుండి మనవంటి కళాశాలలు నేర్చుకోవలసినదేమిటో విన్నవించడం రెండవది.

మానవుని మనస్సును ప్రయోగశాలలో ఒంటరిగా కూర్చోబెట్టి పరిశీలించడం మనస్తత్వ శాస్త్రానికి చిరకాలపు అలవాటు. కాని మనిషి ప్రయోగశాలలో జీవించడు. ఇరుకైన ఇంటిలో, రద్దీ వీధిలో, చీకటి మెట్లమీద, ఆసుపత్రి వసారాలో, తరగతి గదిలో జీవిస్తాడు. అతని తలపులకూ నడవడికకూ ఆ స్థలాలతో సంబంధం లేదా? ఈ ప్రశ్నే పర్యావరణ మనస్తత్వ శాస్త్రానికి బీజం. పర్యావరణమనగానే నేడు మనకు అడవులూ, నదులూ, పొగగొట్టాలూ స్ఫురిస్తాయి. ఈ శాస్త్రంలో ఆ పదానికి అర్థం ఇంకా విశాలం: మనిషి చుట్టూ ఉన్న గోడలు, వెలుతురు, శబ్దం, జనసమ్మర్దం, దారులు అన్నీ అందులోనివే. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో 1968లో విలియం ఇటెల్సన్, హెరాల్డ్ ప్రొషాన్‌స్కీ ప్రభృతులు ఈ విషయంలో డాక్టరేటు పట్టానికి ప్రత్యేక పాఠ్యక్రమాన్ని నెలకొల్పారు. 1969లో 'ఎన్విరాన్‌మెంట్ అండ్ బిహేవియర్' అనే పరిశోధన పత్రిక ప్రారంభమైనది. శాస్త్రం కొత్తదే కాని, అది అడిగిన ప్రశ్న పూరిగుడిసె కట్టుకున్న తొలి మానవునికి కూడా తెలిసినదే.

ఆ నగర విశ్వవిద్యాలయానికే చెందిన లీమన్ కాలేజి బ్రాంక్స్ ప్రాంతంలో ఉన్నది. అందులో మనస్తత్వ శాస్త్రం బోధించిన ఆచార్యులు ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్. ఆమెను శబ్ద పరిశోధనకు పురికొల్పినది ఏ గ్రంథమూ కాదు, తరగతిలో ఒక విద్యార్థిని చెప్పిన మాట. ఆ విద్యార్థిని ఒక తల్లి. తన బిడ్డ చదివే పాఠశాల ప్రక్కనే రైలు వంతెన ఉన్నదనీ, ఆ రైళ్ల రొదలో పిల్లలకు చదువు అబ్బడం లేదనీ, తల్లిదండ్రులందరూ కలిసి దావా వేయదలచినారనీ ఆమె చెప్పినది. ఆచార్యుల భర్త న్యాయవాది. దావా వేయవలెనంటే చప్పుడున్నదని చెబితే చాలదు, ఆ చప్పుడువల్ల పిల్లలకు హాని జరిగినదని రుజువు కావలెను. ఆ రుజువుకోసం వెదకడంతో ఆచార్యుల జీవితంలో ఒక దీర్ఘ ప్రయాణం మొదలైనది.

ఆ పాఠశాల న్యూయార్క్ నగరంలోని మన్‌హాటన్ ఉత్తరపు కొసన, ఇన్‌వుడ్ పేటలో ఉన్నది. పేరు పబ్లిక్ స్కూల్ 98. దానికి సుమారు 220 అడుగుల దూరంలో ఎత్తైన ఇనుప వంతెనమీద రైళ్లు నడిచేవి. భవనానికి ఒక వైపు గదులు వంతెనకు అభిముఖంగా ఉండేవి. రెండవ వైపు గదులు ప్రశాంతంగా ఉండేవి. సగటున నాలుగున్నర నిమిషాలకొక రైలు వచ్చేది. వచ్చిన ప్రతిసారీ దాదాపు అర నిమిషంపాటు గదిలో మాట వినబడేది కాదు. ఆ సమయంలో శబ్ద తీవ్రత 89 డెసిబెల్ వరకు చేరేది. ఉపాధ్యాయులు కేకలైనా వేయవలెను, నోరైనా మూసుకోవలెను. లెక్క కట్టిచూస్తే బోధనాకాలంలో తొమ్మిదవ వంతు రైళ్లకే సమర్పితమయ్యేది.

బ్రాన్‌జాఫ్ట్, ఆమె సహచరుడు డెనిస్ మెకార్తీ చేసిన పని వినడానికి అతి సామాన్యం. పాఠశాల అధిపతి సహకారంతో రెండు వైపుల గదులలో చదివిన పిల్లల పఠన పరీక్షల మార్కులు తీసుకుని ప్రక్కప్రక్కన పెట్టి చూశారు. ఫలితం 1975లో ప్రకటితమైనది. రైలువైపు గదులలోని పిల్లలు చదవడంలో వెనుకబడి ఉన్నారు. చిన్న తరగతులలో ఆ వెనుకబాటు కొద్ది నెలలే. ఆరవ తరగతికి వచ్చేసరికి అది దాదాపు 11 నెలలు, అనగా ఇంచుమించు ఒక విద్యాసంవత్సరం.

ఈ పరిశోధనకు గల బలం దాని సరళతలోనే ఉన్నది. ధనికుల పాఠశాలను, పేదల పాఠశాలను పోల్చి ఉంటే, తేడాకు కారణం చప్పుడా, పేదరికమా అని ఎవరైనా ఆక్షేపించవచ్చును. ఇక్కడ భవనం ఒకటే, పేట ఒకటే, పాఠ్యపుస్తకాలు ఒకటే, పిల్లల కుటుంబాలు ఒకే తరహావి. తెలివైనవారిని ఒక ప్రక్కకు, కానివారిని మరొక ప్రక్కకు పంపే పద్ధతి అక్కడ లేదు. మధ్యనున్న తేడా ఒక్క నడవ. ఆ నడవకు ఇటు కూర్చున్న బిడ్డ ముందుకు నడిచినది. అటు కూర్చున్న బిడ్డ వెనుకబడినది. ఆ వెనుకబడిన బిడ్డ ఉపాధ్యాయులు ఆ బిడ్డను గూర్చి ఏమనుకుని ఉంటారో మనం సులువుగా ఊహించవచ్చును: శ్రద్ధ లేదు, ఇంటిలో చూసుకునేవారు లేరు. మనమూ నిత్యం అనుకునే మాటలే కదా!

పరిశోధన అచ్చైన తరువాత దానిని అలమారులో పెట్టి మరొక విషయం చేపట్టడం పండితులలో సాధారణం. బ్రాన్‌జాఫ్ట్ అట్లా చేయలేదు. తన ఫలితాలను పట్టుకుని నగర రవాణా సంస్థ వద్దకూ, విద్యామండలి వద్దకూ వెళ్లారు. రవాణా సంస్థ ఆ పాఠశాల ప్రక్కనున్న పట్టాలక్రింద చప్పుడును తగ్గించే రబ్బరు దిండ్లు అమర్చినది. విద్యామండలి ఎక్కువ రొద సోకే గదుల పైకప్పులకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు వేయించినది. ఆ తరువాత ఆమె మళ్లీ అదే పాఠశాలకు వెళ్లి, మళ్లీ అవే పరీక్షల మార్కులు చూశారు. 1981లో ప్రకటించిన ఆ రెండవ పరిశోధనలో రెండు వైపుల పిల్లల పఠన స్థాయి సమానంగా ఉన్నది. మొదటి పరిశోధన వ్యాధిని చూపినది. రెండవది ఔషధం పనిచేసినదని చూపినది. నా దృష్టిలో రెండవదే గొప్పది. ఎందుచేతనంటే లోకంలో వ్యాధి నిర్ణయాలకు కొదవ లేదు.

ఆమె కృషి శబ్దంతోనే ముగియలేదు. న్యూయార్క్ భూగర్భ రైళ్లకు 1972లో ఒక పటం వెలువడినది. సరళరేఖలతో, రంగులతో చూడముచ్చటైన పటమది. కాని ప్రయాణికులు దానిని చేతబట్టుకుని దారి తప్పుతూ ఉండేవారు. బ్రాన్‌జాఫ్ట్ మరి ఇద్దరితో కలిసి, ఆ పటం సాయంతో ప్రయాణికులు నిజంగా గమ్యం చేరగలుగుతున్నారా అని పరీక్షించి 1976లో ఫలితాలు ప్రకటించారు. పిమ్మట 1979లో వచ్చిన కొత్త పటం రూపకల్పనలో ఆమె సలహా కూడా తోడైనది. ఈ రెండు పనులూ వేరువేరు విషయాలుగా కనబడినప్పటికీ, వాటి వెనుకనున్న తత్త్వం ఒకటే. ప్రయాణికుడు దారి తప్పితే ముందుగా పటాన్ని పరీక్షించు. పిల్లవాడు చదువులో తప్పితే ముందుగా గదిని పరీక్షించు. మనిషిని తప్పుపట్టడం చివరి మెట్టు కావలెను గాని మొదటిది కారాదు.

తరువాతి కాలంలో ఆమె అనేక మేయర్ల హయాంలో నగర పర్యావరణ మండలిలో శబ్ద నివారణకై పాటుపడ్డారు. 2007లో అమలులోకి వచ్చిన న్యూయార్క్ నగర శబ్ద నియమావళి సవరణలోనూ ఆమె సలహాలు అందించారు. 1996లో 'టాప్ ఆఫ్ ది క్లాస్' అనే గ్రంథంలో, చదువులో అగ్రశ్రేణిలో నిలిచినవారి జీవితాలను పరిశీలించారు. అట్టివారు పెరిగిన ఇండ్లలో ప్రశాంతతకు మన్నన ఉండేదని ఆమె చెప్పడం గమనించదగ్గది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినబడుతుంది. "చప్పుడుకేమండీ, రెండు రోజులలో అలవాటైపోతుంది" అని. మన దేశంలో ఈ మాట అననివారు లేరు. ఇది సగం నిజం. సగం నిజం పూర్తి అబద్ధంకంటె ప్రమాదకరం. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే శాస్త్రజ్ఞులు 1972లో ప్రకటించిన గ్రంథంలో ఈ అలవాటు గుట్టును బయటపెట్టారు. వారు కొందరికి పెద్ద చప్పుళ్లు వినిపిస్తూ పనులు చేయించారు. కొద్దిసేపటికే వారు చప్పుడుకు అలవాటుపడి పనిని సక్రమంగానే చేశారు. కాని చప్పుడు ఆగిన తరువాత చిక్కుముడి వంటి సమస్యలిస్తే త్వరగా విసిగి వదిలివేశారు. అచ్చుతప్పులు దిద్దమంటే అనేకం జారవిడిచారు. ఎప్పుడు వస్తుందో తెలియని చప్పుడు విన్నవారికి ఈ నష్టం ఎక్కువ. అనగా అలవాటు ఉచితంగా రాదు. దాని మూల్యం మనస్సు లోలోపల చెల్లిస్తూనే ఉంటుంది. ఆ ఖర్చు సాయంకాలం ఇంటికి వెళ్లి పుస్తకం తెరచినప్పుడు తెలుస్తుంది.

ఆ ప్రయోగాలలోనే మరొక విశేషమున్నది. కొందరికి ఒక మీట చూపించి, కావలెనంటే దీనిని నొక్కి చప్పుడును ఆపవచ్చును గాని సాధ్యమైనంతవరకు నొక్కవద్దని చెప్పారు. వారు నొక్కలేదు. అందరిలాగానే చప్పుడంతా విన్నారు. అయినప్పటికీ తరువాతి పనులలో వారికి కలిగిన నష్టం చాల తక్కువ. ఆపగలమన్న నమ్మకమే వారిని కాపాడినది. దీనిని మన విద్యార్థికి అన్వయించి చూడండి. వీధిలో మోగే హారన్‌నుగాని, ప్రక్క ఆవరణలోని మైకునుగాని ఆపే మీట అతని చేతిలో లేదు. చెప్పినా వినేవారు లేరని అతడు చిన్ననాడే తెలుసుకున్నాడు. శబ్దం కంటె ఈ నిస్సహాయత ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం.

ఒక్క పాఠశాలను చూసి లోకమంతటికీ సిద్ధాంతం చేయవచ్చునా అన్నది మరొక సందేహం. ఇది న్యాయమైన సందేహమే. న్యూయార్క్‌లోనే ఒక రహదారి మీదుగా కట్టిన 32 అంతస్తుల భవనాలలో నివసించే పిల్లలను షెల్డన్ కోహెన్, గ్లాస్, సింగర్ 1973లో పరిశీలించి, చప్పుడు ఎక్కువగా ఉండే క్రింది అంతస్తుల పిల్లలు దగ్గరి ధ్వనులను వేరుచేసి గుర్తించడంలోనూ, చదవడంలోనూ వెనుకబడినట్లు కనుగొన్నారు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 1992లో పాత విమానాశ్రయం మూతపడి వేరొకచోట కొత్తది తెరుచుకున్నది. మూతపడినచోట పిల్లల పఠనమూ జ్ఞాపకశక్తీ మెరుగుపడినవి. తెరుచుకున్నచోట అవే క్షీణించినవి. 2005లో ప్రకటితమైన మరొక అధ్యయనం బ్రిటన్, నెదర్లాండ్స్, స్పెయిన్ దేశాలలో విమానాశ్రయాల చెంతనున్న పాఠశాలలలో 2,800కు పైగా పిల్లలను పరీక్షించి, విమానాల చప్పుడు పెరిగేకొద్దీ పఠన గ్రహణశక్తి తగ్గినదని తేల్చినది. నిజాయితీగా చెప్పవలెనంటే, వాహనాల చప్పుడు విషయంలో ఆ అధ్యయనంలో అట్టి ఫలితం కనబడలేదు. కాని 2022లో బార్సిలోనా నగరంలోని 38 పాఠశాలల పిల్లలపై వెలువడిన అధ్యయనంలో, పాఠశాల వద్ద వాహనాల రొద ఎక్కువైనచోట పిల్లల జ్ఞాపకశక్తీ ఏకాగ్రతా పెంపొందే వేగం మందగించినట్లు తేలినది. శాస్త్రం ఒక్క గంతులో సత్యాన్ని చేరదు. అయినప్పటికీ దిక్కు స్పష్టంగానే ఉన్నది.

ఇంతకూ చప్పుడు చదువును ఎట్లా చెరుపుతుంది? మాటలో అచ్చులు బలమైనవి, హల్లులు సున్నితమైనవి. దూరంనుండి వినబడే పాటలో రాగం తెలుస్తుంది గాని మాట తెలియదు, కారణం ఇదే. గదిలో రొద పెరిగినప్పుడు మొదట మునిగిపోయేవి హల్లులే. అర్థాన్ని మోసేవీ అవే. 'స' కూ 'శ' కూ, 'ల' కూ 'ళ' కూ, ఉర్దూలో 'సీన్' కూ 'షీన్' కూ గల భేదం ఆ రొదలో కరిగిపోతుంది. చెవికి అందని ధ్వనిని మనస్సు ఊహతో పూరించుకుంటుంది. ఆ పూరణకు శ్రమ కావలెను. ఆ శ్రమలో మునిగిన మనస్సుకు పాఠంలోని ఆలోచనను అందుకునే తీరిక ఉండదు.

మన కళాశాలకు ఇది ప్రత్యేకంగా పట్టవలసిన విషయం. మాతృభాషలో విన్నప్పుడు సగం మాట వినబడినా తక్కిన సగాన్ని చిరకాల పరిచయంతో పూరించుకోగలం. కొత్తగా నేర్చిన భాషలో ఆ నిల్వ లేదు. అందుచేత ఒకే గదిలో, ఒకే రొదలో, పరభాషలో వినేవారికి కలిగే నష్టం స్వభాషలో వినేవారి నష్టం కంటె ఎక్కువని అనేక పరిశోధనలు స్థాపించినవి. ఇంటిలో ఉర్దూ మాట్లాడి, వీధిలో తెలుగు విని, తరగతిలో ఇంగ్లీషులో పాఠం వినే మన విద్యార్థి మూడు భాషల వంతెనమీద నడుస్తున్నాడు. ఆ వంతెన క్రింద రైలు పోయినా, లారీ పోయినా మొదట కదిలేది అతని అడుగే.

ఒక చిన్న సంగతి మనవి చేస్తాను. ఒకనాడు తరగతిలో తెలుగులో ఆదాయ వ్యయాలను గూర్చి చెబుతున్నాను. కిటికీ అవతల వాహనాలు నిలిచిపోయి, హారన్లు ఆగకుండా మోగుతున్నవి. నేను గొంతు పెంచి పాఠం సాగించాను. తరువాత నోటుపుస్తకాలు చూడగా, ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన ఒక విద్యార్థి ఆ పేజీ పొడవునా 'ఆదాయ భయాలు' అని వ్రాసుకున్నాడు. ప్రక్కన కూర్చున్న తెలుగు విద్యార్థి పుస్తకంలో 'వ్యయాలు' అని సరిగానే ఉన్నది. అతనికి మాత్రం ఆ మాట సరిగా వినబడినదని చెప్పలేను. అతనికి ఆ మాట ముందే తెలుసు, అంతే. మొదట నవ్వు వచ్చినది. తరువాత సిగ్గు కలిగినది. ఆ తప్పును పరీక్షలో చూసి ఉంటే, అర్థం తెలియక బట్టీపట్టినాడని ఎర్రసిరా గీత గీసి ఉండేవాణ్ణి. పాపం, ఆదాయానికీ భయానికీ పేదవాని ఇంటిలో ఉన్న సంబంధం దృష్ట్యా అతని ఊహ తర్కానికి అందనిదేమీ కాదు!

"మహనీయులు వీధి దీపాలక్రింద చదువుకుని పైకి వచ్చారు, చదివేవాడు ఎక్కడైనా చదువుతాడు" అని పెద్దలు సెలవిస్తారు. ఆ మహనీయులకు నా నమస్కారం. కాని వీధి దీపాలక్రింద చదివి పైకి రాలేకపోయినవారి పేర్లు ఎవరూ వ్రాసిపెట్టలేదు. తుఫానులో ఒక పడవ ఒడ్డుకు చేరినంతమాత్రాన తుఫాను మంచిదని అనము. అసాధారణులను ఉదాహరించి సామాన్యులకు కనీస సౌకర్యం నిరాకరించడం విద్యాసంస్థలకు తగదు. అసలు కళాశాల ఏర్పడినదే సామాన్యులకోసం.

చట్టం మనకు అండగానే ఉన్నది. 2000 సంవత్సరంలో భారత ప్రభుత్వం వెలువరించిన శబ్ద కాలుష్య నియమావళి ప్రకారం ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల ప్రదేశాన్ని నిశ్శబ్ద మండలంగా పాటించవచ్చును. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్ మించరాదు. 2005లో సర్వోన్నత న్యాయస్థానం కూడా శబ్దంపై విపుల తీర్పునిచ్చి, శబ్దాన్ని ఇతరులపై రుద్దే హక్కు ఎవరికీ లేదన్న సూత్రాన్ని నిలబెట్టినది. అయినను పెక్కు విద్యాసంస్థల ద్వారాల వద్ద 'హారన్ కొట్టరాదు' అన్న పలక ఉన్నదే గాని, దానిని చదివి చేయి వెనుకకు తీసుకునే డ్రైవరు కనబడడు. 2017 నవంబరు నుండి హైదరాబాదులోనూ స్తంభాలమీద రైలు నడుస్తున్నది. ఆ రైలు చప్పుడు ఆనాటి ఇనుప వంతెన చప్పుడుతో సమానమని నేననను. దాని చెంతనున్న తరగతి గదులలో కొలిచి చూడవలెనని మాత్రమే అంటాను. కొలవకుండా భయపడడమూ, కొలవకుండా నిశ్చింతగా ఉండడమూ రెండూ అశాస్త్రీయమే.

వీధిని నిందించే ముందు మన ఇంటిని చక్కదిద్దుకోవలెను. ప్రక్క తరగతిలో పాఠం జరుగుతూ ఉండగా నడవలో బిగ్గరగా పిలుచుకునేది మనమే. నూరుమంది పట్టే హాలులో వేయిమందికి సరిపోయే మైకు పెట్టేది మనమే. కడకడలాడే పంకాకు నూనె వేయించడం సంవత్సరాల తరబడి వాయిదా వేసేదీ మనమే. పండుగ ఏ మతానిదైనా, ఊరేగింపు ఏ పక్షానిదైనా, మైకు గొంతు ఒకటే. దాని బాధితుడూ ఒకడే, రేపు పరీక్ష ఉన్న విద్యార్థి. ఈ విషయంలో ఎదుటివారి మైకును చూపి మన మైకును సమర్థించుకోవడం ఎవరికీ శోభించదు. మౌనం ఏ మతానికీ పరాయిది కాదు.

కనుక నా సూచనలు కొన్ని. మొదటిది, మన భౌతికశాస్త్ర విభాగపు విద్యార్థులు శబ్దమాపకంతో ప్రతి గదిలోనూ వేరువేరు వేళలలో శబ్దాన్ని కొలిచి, ఒక పటం తయారు చేయవలెను. అది వారికి చక్కని అభ్యాసం, కళాశాలకు అమూల్యమైన పత్రం. రెండవది, ఆ పటాన్ని చూసి గదులను పునర్విభజించవలెను. వీధివైపు గదులు కార్యాలయానికీ, సామానుల గిడ్డంగికీ, ఫలహారశాలకూ చాలును. లోపలి గదులు తరగతులకు కావలెను. అందులోనూ అత్యంత ప్రశాంతమైన గదులు చివరి సంవత్సరం వారికి కాదు, కొత్త భాషలో పాఠం వినడం మొదలుపెట్టిన మొదటి సంవత్సరం వారికి ఇవ్వవలెను. దీనికి పైసా ఖర్చు లేదు, మనస్సుంటే చాలు. మూడవది, నిధులు సమకూరినప్పుడు పైకప్పులకు శబ్దాన్ని పీల్చే పలకలు, కిటికీలకు బిగువైన తలుపులు, వీధివైపు ఎత్తైన ప్రహరీ అమర్చుకోవలెను. వరుసగా నాలుగు చెట్లు నాటితే చప్పుడు ఆగిపోతుందన్నది భ్రమ. చెట్లు నీడకోసం నాటుదాము, శబ్దానికి గోడే అడ్డు. నాలుగవది, ఈ కొలతల పత్రాన్ని జతచేసి నిశ్శబ్ద మండలం అమలుకై అధికారులకు వినతి సమర్పించవలెను. అంకెలు లేని వినతిపత్రం గతి మనకందరికీ తెలిసినదే.

వీటిని చదివి, తన మార్కులు తగ్గడానికి గదే కారణమని ఏ విద్యార్థీ చేతులు ముడుచుకోరాదు. గది మారినంతమాత్రాన పుస్తకం దానంతట అది తెరుచుకోదు. ఉపాధ్యాయుడు సిద్ధపడి రావలెను, విద్యార్థి చెవి ఒగ్గి వినవలెను. కాని వినదలచినవానికి వినబడే ఏర్పాటు చేయడం సంస్థ విధి. విద్యార్థిని శ్రద్ధ అడిగే ముందు సంస్థ తన వంతు శ్రద్ధ చూపవలెను.

అర్ధ శతాబ్దం క్రితం ఒక తల్లి తరగతిలో లేచి తన బిడ్డ బాధ చెప్పుకున్నది. వినిన ఆచార్యులు ఆ మాటను కొట్టివేయలేదు, అలవాటైపోతుందని ఓదార్చలేదు. కొలిచారు, రుజువు చేశారు, అధికారుల తలుపు తట్టారు, మళ్లీ వెళ్లి చూశారు. ఈ నాలుగు పనులే ఆమె జీవితానికి సారం. ఇందులో మన శక్తికి మించినది ఒక్కటీ లేదు. మన కళాశాలలోనూ ఇటువంటి తల్లుల బిడ్డలే చదువుతున్నారు. వారి నోటుపుస్తకాలలో 'భయాలు' అన్న మాట కొట్టివేసి 'వ్యయాలు' అని దిద్దే ముందు, ఒకసారి లేచి వెళ్లి ఆ కిటికీ మూసి చూద్దాము.